పొత్తిగుడ్డలే ఆనవాలు

ధ్యాన భాగములు: లూకా 2:1–20, యాకోబు 2:1–4



రాత్రివేళ మందను కాచుకొనుచున్న కాపరులకు దేవదూత శుభవార్త తెలిపి, రక్షకుని గుర్తుపట్టుటకు వారికొక ఆనవాలు చెప్పెను. అది కిరీటము కాదు, పట్టువస్త్రము కాదు. పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి, ఈ రెండే. పొత్తిగుడ్డలనగా ఏమో మన తల్లులకు చెప్పనక్కరలేదు. మన పల్లెలలో బిడ్డ పుట్టగానే కొత్తబట్ట వేయరు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీరను అమ్మమ్మ చించి, అందులో బిడ్డను చుట్టును. లోకరక్షకుడు కూడ రాజవస్త్రములతో కాక, అటువంటి సామాన్యమైన గుడ్డలతోనే మన మధ్యకు వచ్చెను. కాపరులు ఆ గుడ్డలను చూచి చిన్నబుచ్చుకొనలేదు. వాటిని బట్టియే ఆయనను గుర్తుపట్టి సంతోషించిరి.

మరి నేడు క్రిస్మస్ పండుగకు మనము పెట్టుకొనిన ఆనవాలు ఏది?

మన పిల్లలనేకులు కంప్యూటరు కోర్సులు నేర్చుకొనుటకు హైదరాబాదులోని అమీర్‌పేటకు వెళ్లుచున్నారు. హాస్టళ్లలో నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకొని, మైత్రీవనం చుట్టుపట్లనున్న శిక్షణా కేంద్రములలో చదువుకొనుచున్నారు. అమీర్‌పేట ప్రక్కనే పంజాగుట్ట. 2018లో అక్కడికి మెట్రో రైలు వచ్చినప్పటినుండి అది ఒక్క స్టేషను దూరమే. ఆ దారి పొడవునను బట్టల దుకాణములు, నగల దుకాణములు. డిసెంబరు రాగానే మాళ్లలో నక్షత్రములు వ్రేలాడును. దూదిమంచు క్రింద చెట్టు వెలుగును. ఎఱ్ఱకోటు తొడిగిన క్రిస్మస్ తాత పిల్లలకు చేయి ఊపును. ఇన్నింటి నడుమ తొట్టిలోని శిశువును మాత్రము వెదకి చూడవలసివచ్చును.

దుకాణదారుని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. అమ్ముకొనుట అతని జీవనము. సువార్త చెప్పెదనని అతడు మాట ఇచ్చినవాడు కాడు. ఆ పని ప్రభువు మనకు అప్పగించెను. ఆ ఎఱ్ఱకోటు తాత వెనుక కూడ ఒక దైవసేవకుడున్నాడని ఎందరికి తెలియును? ఆయన నాలుగవ శతాబ్దములో మూర పట్టణమున బిషప్పుగా నుండిన నికోలాసు. బీదతండ్రి కుమార్తెల పెండ్లికొరకు రాత్రివేళ ఎవరికిని తెలియకుండ ధనము ఇచ్చి వెళ్లెనని పూర్వకథ చెప్పుచున్నది. 1931 మొదలు కోకాకోలా కంపెనీవారు తమ పానీయము అమ్ముకొనుటకు క్రిస్మస్ తాత బొమ్మను ప్రకటనలలో లోకమంతట చూపించిరి. చీకటిలో రహస్యముగా ఇచ్చినవాని పేరు, దీపముల వెలుగులో అమ్మకమునకు గుర్తాయెను.

అయితే పట్టణమును విమర్శించి ఊరకుందుమా? ఆ సంత మన పల్లెలోనికి కూడ వచ్చియున్నది. పండుగకు ఇంటిల్లిపాదికి కొత్తబట్టలు కావలెనని కూలిచేసుకొను తండ్రి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు అప్పు తెచ్చినాడనుకొనుడి. మరుసటి క్రిస్మస్‌నాటికి వడ్డీయే 3,600 రూపాయలగును. బట్టలు వెలిసిపోవును, అప్పు మాత్రము వెలియదు.

అంతకంటె బాధకరమైన సంగతి మరియొకటి. కొత్తచీర లేదని క్రిస్మస్ ఉదయమున గుడికి రాక, తలుపు దగ్గరగా వేసికొని లోపలనే కూర్చుండు విధవరాండ్రు మన సంఘములలో లేరా? ఏడాది పొడవునను ఆరాధన మాననివారు ప్రభువు జన్మదినముననే మానుచున్నారు. పొత్తిగుడ్డలలో వచ్చిన ప్రభువును చూచుటకు పాతచీర అడ్డమాయెనా! ఆమెను రావద్దని మనమెవ్వరమును నోట చెప్పలేదు. కాని మన చూపులు చెప్పినవి. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి పీట వేసి, మాసినబట్టలవానిని నిలువబెట్టు సంఘమును యాకోబు గద్దించెను. ఆ గద్దింపు మన గుడికి కూడ వర్తించును.

సమస్తమును కలవాడు మనకొరకు ఏమియు లేనివాడై వచ్చెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను (2 కొరింథీ 8:9). ఇదియే క్రిస్మస్. దీనిని ఎఱిగిన పెద్దలు మనకు ముందుండిరి. మెదకులోని మహాదేవాలయము కరువుదినములలో లేచినది. పాస్నెట్ దొరగారు కూలి దొరకని జనులకు పనియు అన్నమును కలుగునట్లు దానిని కట్టించిరి. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించిరి. ఆ గోడలలో ఆకలిగొన్నవారి అన్నమున్నది.

కాబట్టి ప్రియులారా, ఈ సంవత్సరము మనమేమి చేయుదము?

పండుగకొరకు అప్పు చేయకుడి. ఉన్నబట్టలు శుభ్రముగా ఉతికి కట్టుకొనుడి.

అమీర్‌పేటలోనున్న మీ కుమారునికి ఫోను చేసి, “నాయనా, సంచి తేకున్నను సరే, నీవు వస్తే చాలు” అని చెప్పుడి. కోర్సు ఫీజుకే చాలని డబ్బుతో చీర ఎట్లు కొందునాయని బెంగపడు బిడ్డలున్నారు. రాలేని యెడల, దగ్గరనున్న గుడికి తప్పక వెళ్లుమని చెప్పుడి.

ఆగమనకాలపు మొదటి ఆదివారమునుండి ప్రతిదినము వంటకు ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టుడి. కుటుంబప్రార్థనలో లూకా మొదటి రెండు అధ్యాయములు చదువుడి.

కడపట ఒక మాట. క్రిస్మస్ ఉదయమున ఒంటరిగా గుడికి రాకుడి. ఆ మూసిన తలుపు తట్టి, “అక్కా, రా, కలిసి పోదము” అని పిలువుడి. కొత్తచీర గల సహోదరి ఆనాడు దానిని పెట్టెలోనే ఉంచి, పాతచీర కట్టుకొని ఆమె ప్రక్కన కూర్చుండిన యెడల, నేను చేయు ప్రసంగముకంటె అది గొప్ప ప్రసంగమగును.

ప్రార్థన: పొత్తిగుడ్డలలో చుట్టబడిన ప్రభువా, నీవిచ్చిన ఆనవాలును మేము పోగొట్టుకొనకుండ కాపాడుము. పట్టణములోనున్న మా బిడ్డలను నీ చెంత నుంచుము. మా గుడి తలుపు బీదలకు తెరచియుండునట్లు మా కన్నులను మార్చుము. ఆమేన్.