సాగరస్నాన సంకల్పము

సముద్రము లేని ఊరిలో సముద్రమును గూర్చిన ఆలోచన ఎక్కువగా ఉండుట సహజము. ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరు చెరువుల నగరము. బూఢా తాలాబు, మహారాజబంధు, తేలీబాంధా అనునవి అక్కడి పాత చెరువులు. 1877లో బాలుడైన నరేంద్రుడు ఈ ఊరికి వచ్చి, బూఢాపారాలో సుమారు రెండేండ్లు ఉండెను. ఆ పక్కనున్న బూఢా తాలాబు నేడు వివేకానంద సరోవరమను పేరు వహించినది. తేలీబాంధా గట్టునకు వేరొక భాగ్యము పట్టినది. సాయంకాలము గాలికై అచ్చటికి పోవువారు దానిని మెరైన్ డ్రైవ్ అందురు. బొంబాయి సముద్రతీరపు బాట పేరు ఒక చెరువుగట్టుకు పెట్టుకొనుటలో పరిహాసము లేకపోలేదు. ఆ పరిహాసము వెనుక ఒక కోరికయు లేకపోలేదు.

ఇట్టి ఊరిలో ఒక గృహస్థు వేసవిసెలవులకు సముద్రస్నానమునకు పోవలెనని తలపెట్టినాడనుకొందము. అతడు తెలుగువాడైనచో ఏ సముద్రమన్న ప్రశ్నయే ఉండదు. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931 నాటికి పూర్తియైనది. మధ్యభారతపు సరకును 1933లో ప్రారంభమైన విశాఖ రేవునకు చేర్చుట దాని ఉద్దేశము. సరకు తూర్పునకు పోయినది. బ్రతుకుదెరువు వెదకుకొనుచు మనుష్యులు పడమటికి వచ్చినారు. వారి మనుమలు ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, అంగడిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుచు పెరిగినారు. వారికి సముద్రమన్నది తాతగారి ఊరికి ఆవల మెరయు ఒక గీత మాత్రమే. 2024 సెప్టెంబరు నుండి ఉదయము రాయపూరులో బండి ఎక్కినవాడు మధ్యాహ్నమునకే విశాఖలో దిగగల వందేభారత్ రైలు కూడ కలదు. అక్కడినుండి తీరము వెంట ముప్పది కిలోమీటర్లు పోకమునుపే భీమునిపట్నము వచ్చును. బొర్రా గుహలను తొలిచిన గోస్తనీనది అక్కడ సముద్రములో కలియును. డచ్చివారి సమాధులు, దీపస్తంభము, 1861లో ఏర్పడిన పురపాలకసంఘపు జ్ఞాపకము, ఎక్కువ సందడి లేని ఇసుకతీరము ఆ ఊరి సొత్తు. ఇప్పుడది మహావిశాఖలో కలిసినను, చిన్న ఊరి మందగతి ఇంకను పూర్తిగా పోలేదు.

ఇంతవరకు విషయము సులభము. రైలుటిక్కెట్టు అరువది దినములు ముందుగా తీసికొనవచ్చును. బసకు గది కుదుర్చుకొనవచ్చును. కాని ఇట్లు ముందుగా ఏర్పరచుకొనుటలో మనుష్యుడు చేయుచున్న పని నిజమునకు ఏది? ఇంకను రాని దినమును అతడు తనదిగా చేసికొనుచున్నాడా? చేసికొనుటకు అతనికి హక్కు కలదా?

మాటలను పరిశీలించినచో ప్రశ్న కొంత తేటపడును. హిందీవారు దీనిని యోజన అందురు. తెలుగులో యోజనమన్న దూరపుకొలత. ఆమడలు, క్రోసులు లెక్కించిననాటి మాట. రెంటికిని మూలధాతువు ఒక్కటే, కూర్చుట, పూన్చుట అని దాని అర్థము. తెలుగువారు మాత్రము ప్రణాళిక అన్నారు. 1951లో దేశము మొదటి పంచవర్షయోజనను ప్రారంభించినప్పుడు, ఉత్తరదేశమువారికి అది ఎద్దులను కాడికి పూన్చుటవలె వినిపించియుండును. తెలుగువారికి నీటికాలువ త్రవ్వుటవలె వినిపించియుండవలెను. ఏలయన, సంస్కృతమున ప్రణాళి యన్న నీరు పారు తూము. నీటిని తాను చెప్పిన దారిన నడిపించుట ప్రణాళిక. పొలమునకు, చెరువునకు ఈ మాట చక్కగా అమరును. సముద్రమునకు మాత్రము తూము లేదు. సముద్రస్నానమునకు ప్రణాళిక వేయుట అను మాటలోనే ఒక వైరుధ్యము దాగియున్నది.

మూడవ మాట సంకల్పము. దాని తీరు వేరు. స్నానమునకు ముందు నీటిలో నిలిచి సంకల్పము చెప్పుకొనువాడు తానున్న చోటును, తిథిని, వారమును, నక్షత్రమును పేర్కొనును. అరువది దినముల తరువాత సంగతి అందులో లేదు. ఇప్పుడు, ఇక్కడ, ఈ నీటిలో అని దాని భావము. గీత ఆరవ అధ్యాయము కోరికలు సంకల్పమునుండి పుట్టుననియు, వానిని విడువవలెననియు చెప్పినప్పుడు ఉద్దేశించినది ఈ నదీతీరపు సంకల్పమును గాక, మనస్సు రేపటిమీదికి విసరు వలను. ఒకే మాట రెండు పనులు చేయుచుండగా, వైరాగ్యము బోధించువారు ఒకదానిని ఖండించుచు రెండవదానినికూడ త్రోసిపుచ్చుట తరచు జరుగును.

అయినచో ప్రయాణమే అక్కరలేదనువారు కలరు. రాజనందగాఁవ్‌లో పుట్టి రాయపూరులో స్థిరపడిన వినోద్‌కుమార్ శుక్ల వ్రాసిన ‘దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ’ అను నవలకు 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. అందలి చిన్న ఉద్యోగియు అతని భార్యయు తమ అద్దెగది కిటికీగుండా దిగి చెరువులు, చెట్లు గల ఒక లోకమునకు పోయి వచ్చుచుందురు. వారికి టిక్కెట్టు లేదు, సెలవుచీటి లేదు. ఈ నవలను ఉదాహరించి, సంతోషము కిటికీ ఆవలనే ఉన్నప్పుడు ఐదువందల కిలోమీటర్లు పోవుటెందుకని అడుగుట సులభము. కాని ఆ కిటికీ పేదవానికి రచయిత ఇచ్చిన కానుక. పేదవానిని ఇంటనే ఉండుమని చెప్పు ఉపదేశము కాదు. ఎన్నడును సముద్రమును చూడని డెబ్బదియేండ్ల తల్లికి కిటికీ చూపి తృప్తిపడుమని కుమారుడు చెప్పినచో, అది వేదాంతము కాదు, పిసినారితనము.

గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టీటసు ఈ విషయమునే, దాదాపు ఈ ఉదాహరణముతోనే, చర్చించినాడు. అతడు మొదట బానిస. తరువాత నికోపొలిసులో పాఠశాల నడిపినవాడు. అతని బోధలను శిష్యుడైన ఆరియను వ్రాసి ఉంచెను. స్నానశాలకు పోవలెనని తలచినవాడు అక్కడ జరుగునదంతయు ముందుగా మనస్సున నిలుపుకొనవలెనని ఆ బోధ. నీరు చల్లుకొనువారు, త్రోసికొనువారు, తిట్టుకొనువారు, బట్టలు దొంగిలించువారు అందరును ఉందురు. స్నానము చేయవలెనన్న కోరికతోపాటు మనశ్శాంతిని కాపాడుకొనవలెనన్న కోరికను కూడ వెంట తీసికొనిపోయినవాడు, ఏ అంతరాయము కలిగినను చలింపడు. ప్రణాళికకు ఇంతకంటె పొందికైన తత్త్వము దొరకుట కష్టము. జరుగునది నా చేతిలో లేదు. నా మనస్సు నా చేతిలో ఉన్నది.

కాని ఎపిక్టీటసు స్నానశాలకు ఒంటరిగా పోయినాడు. రాయపూరు గృహస్థు వెంట తల్లి ఉన్నది, భార్య ఉన్నది, పది పండ్రెండేండ్ల పిల్లలు ఉన్నారు. బట్టలు పోయినచో చలింపకుండుట గొప్ప గుణము. బిడ్డ కొట్టుకొనిపోయినప్పుడు చలింపనివానిని స్థితప్రజ్ఞుడని పిలుచుటకు ఎవ్వరికిని నోరు రాదు. తన మనస్సు కొరకు చేసికొను సిద్ధత వేరు, ఇతరుల ప్రాణముకొరకు చేయు సిద్ధత వేరు. మొదటిదానికి ఫలమును విడుచుట చాలును; రెండవదానిలో ఫలమును విడుచుట అను మాట అశ్రద్ధకు ముసుగు కావచ్చును. ఇక్కడనే సాధారణముగా తత్త్వచర్చలు తడబడును, ఏలయన అవి నీటిని గూర్చి ఏమియు అడుగవు.

నీటిని గూర్చి అడుగవలెను. చెరువులో ఈత నేర్చినవాడు నీటిని ఎరుగుదుననుకొనును. అతని ఎరుక నిజమైనదే. కదలని నీటిలో లోతు ఎక్కడ, నాచు ఎక్కడ, మెట్టు ఎక్కడ అని అతనికి తెలియును. బంగాళాఖాతపు ఒడ్డున అతడు నిలిచినప్పుడు, అలలు తెల్లగా విరుగుచున్న చోట్ల నడుమ ఒక ఇరుకైన పట్టీ కనబడవచ్చును. అక్కడ నురుగు తక్కువ, అల తక్కువ, నీరు కొంచెము నల్లగా, శాంతముగా ఉండును. చెరువువాని కన్నునకు అదియే క్షేమమైన చోటు. పిల్లలను అక్కడ దింపును. నిజమునకు అలలు ఒడ్డునకు తెచ్చిన నీరంతయు తిరిగి లోపలికి పోవు దారి అదియే. ఆంగ్లమున దానిని రిప్ కరెంటు అందురు. దానికి ఎదురీది గెలుచుట ఆరితేరిన ఈతగానికిని అసాధ్యము కావచ్చును. ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా పక్కకు ఈదినచో ఆ ఇరుకు దాటి బయటపడవచ్చును. చెరువున నేర్చిన బుద్ధి మాత్రము నేరుగా ఒడ్డుకే పొమ్మనును. విశాఖ తీరమున మునిగిపోయినవారిని గూర్చిన వార్తలు ఏటేట వచ్చుచునే ఉన్నవి. ఇంటి దగ్గర సత్యమైన జ్ఞానము, ఐదువందల కిలోమీటర్లు ప్రయాణము చేసి, మృత్యుకారణమగుట విచిత్రము.

దీనికి తోడు ప్రణాళిక తన పగ తీర్చుకొనును. రెండు నెలల ముందు టిక్కెట్టు, కుదిరిన సెలవు, ఖర్చైన సొమ్ము, పిల్లలకిచ్చిన మాట, ఇవి అన్నియు కలిసి ఆ ఒక్క ఉదయముమీద కూర్చుండును. ఆనాడు సముద్రము పోటెత్తియున్నది. ఒడ్డున జాలరి ఒకడు వలదని తల అడ్డముగా ఊపినాడు. అప్పుడు తల్లి ఒక మాట అనును: “ఇంత దూరం వచ్చి మునగకుండా పోతామట్రా నాయనా?” తెలుగుదేశమున ఈ వాక్యము ఎన్ని ప్రాణములను తీసికొన్నదో లెక్కింపనలవి కాదు. ఇంత దూరము వచ్చుట సముద్రమునకు తెలియదు. దూరము ప్రయాణికుని లెక్కలోనిది, అల లెక్కలోనిది కాదు. అయినను ఆ మాటను మూర్ఖత్వమని కొట్టివేయుట న్యాయము కాదు. అందులో కోరిక ఉన్నది. ఇక రెండవసారి రాలేనన్న ఎరుక ఉన్నది. పుణ్యముమీది ఆశ ఉన్నది. శివరాత్రి జాగరణము చేసి మరునాటి తెల్లవారుజామున విశాఖ ఒడ్డున వేలకొలది జనము మునుగుదురు. పర్వదినమున తప్ప సముద్రమును తాకరాదని పెద్దలు చెప్పిన మాటను నేటివారు మూఢనమ్మకమందురు. అది సముద్రమును విహారవస్తువు కానీయని ఒక మర్యాద కూడ అయియుండెను. ఏడాదిలో కొన్నినాళ్ళు మాత్రమే, అదియును గుంపుగా, ఒడ్డునే మునుగువాడు అపాయమునకు గురియగు అవకాశము సహజముగానే తక్కువ.

ఉల్లాసము కొరకు సముద్రములో దిగుట యూరోపువారికిని పాత అలవాటు కాదు. అక్కడ దానిని మొదట వైద్యులు మందుగా వ్రాసి ఇచ్చినారు. ఉత్తర స్పెయినులోని సాన్ సెబాస్టియానునకు 1845లో రాణి రెండవ ఇసబెల్లా చర్మరోగమునకై స్నానము చేయ వచ్చినది. ఆమె వెంట సంపన్నులును, వారి వెనుక హోటళ్ళును వచ్చి ఆ ఊరు విహారస్థలమైనది. ఆ తీరమునకు పోవువాడు ముందుగా చూడవలసినది పోటుపాటుల పట్టిక. భీమునిపట్నమున పోటుకును పాటుకును నడుమ భేదము మనిషి నిలువెత్తునకు మించదు. కాంటాబ్రియా సముద్రమున అది నాలుగు మీటర్లు దాటగలదు. ఉదయము విశాలమైన ఇసుక మధ్యాహ్నమునకు ఉండకపోవచ్చును. అస్తూరియాసులోని యానెస్ దగ్గర గుల్పియూరి అను చిత్రమైన తీరమొకటి కలదు. అది సముద్రపుటొడ్డున లేదు. సుమారు నూరు మీటర్లు లోపల, పచ్చికబయళ్ళ నడుమ ఉన్నది. భూమిలోపలి గుహలగుండా సముద్రపునీరు వచ్చి అక్కడ చిన్న అలలై ఇసుకను తాకును. పాటువేళ పోయినవానికి నీరు దాదాపుగా కనబడదు. లోనాటివారికి సముద్రము ఇంటికి వచ్చుట అను కల అక్కడ నిజమైనది, కాని అదియును తన వేళకే వచ్చును. తేలీబాంధా గట్టుమీద నడుచువారు ఈ సంగతి విన్నచో సంతోషింతురు.

అట్లయినచో గృహస్థు చేయవలసిన ఆలోచన టిక్కెట్టుతో ముగియదు. అసలు అది అక్కడ ప్రారంభమగుచున్నది. జూనునుండి సెప్టెంబరు వరకు నైరృతి గాలులు, అక్టోబరునుండి తుపానుల భయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనే తాకినది. ఆ నెలలు విడిచినచో మిగిలిన కాలము చాలునా? ఒక్క ఉదయమునకు బదులు రెండు ఉదయములు ఉంచుకొనగలమా? నీటిలో దిగకపోయినను ఆ దినము వ్యర్థము కానట్లు గోస్తనీ సంగమమును, డచ్చి సమాధులను పిల్లలకు చూపవచ్చునా? అన్నిటికంటె ముఖ్యముగా, వలదని చెప్పు జాలరి మాటను విందుమని ఇంటిలోనే, అందరి ఎదుట, ముందుగా అనుకొనగలమా? ఒడ్డున నిలిచి ఆ నిర్ణయము చేయుట కష్టము. అక్కడ అల ధ్వని, పిల్లల కేకలు, తల్లి కోరిక కలిసి మనిషిని నెట్టును. రాయపూరులో, తేలీబాంధా గాలిలో కూర్చుండి చేయుట సులభము. మనుష్యునికి రేపటిమీద హక్కు లేదు, నిజమే. రేపటి తన బలహీనతను నేడు ఊహించి దానికి అడ్డుకట్ట వేసికొనుటకు మాత్రము హక్కు కలదు. తూము సముద్రమునకు కాక తన మనస్సునకు కట్టుకొనుచున్నాడు కనుక ప్రణాళిక అను తెలుగుమాట ఇక్కడ సార్థకమగును.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. ఇన్ని జాగ్రత్తలు చెప్పుకొని పోయినవాడు సముద్రమును చూచునా, తన భయమునే చూచునా? ఆక్షేపణలో బలము ఉన్నది. ప్రతి అలను అనుమానించువానికి ఆశ్చర్యము కలుగదు, పిల్లలకును కలుగనీయడు. దీనికి పూర్తి సమాధానము దొరకదు. బహుశః ఆ భయము పెద్దవారు వంతులవారీగా మోయవలసినది. ఒకరు ఒడ్డున కన్నార్పక నిలిచినప్పుడు మిగిలినవారు దానిని మరచి ఆడుకొందురు. నిలిచినవానికి ఆ పూట సముద్రము లేదు. ఆ నష్టము ఎవరి భాగమని టిక్కెట్టు కొనునాడు ఎవ్వరును అడుగరు.

మునుగుటకు వీలులేని ఉదయమున కుమారుడు చెంబుతో నీరు ముంచి తెచ్చి, ఇసుకమీద కూర్చున్న తల్లి తలపై పోయవచ్చును. అది సముద్రస్నానము కాదని శాస్త్రము తెలిసినవాడెవ్వడును అనడు. తల్లి అనవచ్చును. తిరుగుబండిలో, రాయగడ కొండలు దాటువరకు, ఆమె మాట్లాడకుండ కూర్చుండవచ్చును.