అప్పన్న కొండ చుట్టూ నడవాలనుకునే మేనల్లుడికి



బెణికిన చీలమండకు వేసిన కట్టు విప్పేశారనీ, ఈ ఆషాఢంలో సింహాచలం అప్పన్న స్వామి గిరి ప్రదక్షిణ చేస్తాననీ రాశావు. సంకల్పం మంచిది. ఆ నడక ఎలాంటిదో, దెబ్బతిన్న కాలు దానికి ఎప్పుడు సిద్ధమవుతుందో తెలుసుకుని దిగితే ఇంకా మంచిది.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి భక్తులు బయల్దేరతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రపు ఒడ్డున ఉన్న అప్పుఘర్ చేరతారు. అక్కడి నుంచి వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం దాటి మళ్లీ సింహాచలం. మొత్తం సుమారు 32 కిలోమీటర్లు. కొండ చుట్టూ అన్న మాటే గాని, దారిలో చాలా భాగం విశాఖ నగరపు వీధులే. లక్షల మంది రాత్రంతా నడుస్తారు, చాలామంది చెప్పులు కూడా వేసుకోరు. ఆషాఢం కాబట్టి పైన వాన పడుతూ ఉంటుంది, లేదా ఒళ్లంతా తడిపే ఉక్కపోత.

గంటకు 4 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా నడిచినా 8 గంటలు పడుతుంది. అడుగుకు ముప్పావు మీటరు లెక్కేసుకుంటే 40,000 పైచిలుకు అడుగులు. అందులో సగం దెబ్బ తగిలిన కాలు మోయాల్సినవే. పైగా వాన నీరు పోవడానికి రోడ్డును అంచుల వైపు వాలుగా వేస్తారు. జనం ఒత్తిడికి అంచుకు జరిగినవాడి పాదం ఆ వాలు మీద గంటల తరబడి ఒకే పక్కకు ఒరుగుతుంది. బెణికిన చీలమండను మళ్లీ మడతపెట్టడానికి అది చాలు.

నొప్పి తగ్గగానే కాలు బాగుపడిందనుకుంటారు చాలామంది. వాపు కొద్ది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తెగిన లిగమెంటు అతుక్కోవడానికి వారాలు, మునుపటి గట్టిదనం రావడానికి నెలలు పడుతుంది. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే నాడులు కూడా బెణుకుతో మందగిస్తాయి. ఫిజియోథెరపిస్టులు రోజూ ఒంటికాలి మీద నిలబెట్టేది వాటికి మళ్లీ పని నేర్పడానికే. గోడ పక్కన నిలబడి, ముందు బాగున్న కాలి మీద, తర్వాత దెబ్బ తగిలిన కాలి మీద బరువు మోపి, చెయ్యి గోడకు అందేంత దూరంలో ఉంచి కళ్లు మూసుకుని చూడు. ఒక పాదం కుదురుగా ఉంటుంది. రెండోదాని వేళ్లు నేలను పట్టుకోవడానికి ముడుచుకుంటాయి, మడమ అటూ ఇటూ కదులుతుంది, క్షణాల్లో చెయ్యి గోడను వెతుక్కుంటుంది. ఆ తేడా పోయేదాకా 32 కిలోమీటర్ల మాట ఎత్తకూడదు.

ఆటగాళ్లకు ఈ ఓపిక బాగా తెలుసు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పీవీ సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ కాలి గాయంతోనే ఆడి స్వర్ణం గెలిచింది. తర్వాత పరీక్షల్లో ఎముకలో పగులు బయటపడింది. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకుంది. మళ్లీ పోటీకి దిగింది 2023 జనవరిలో. పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంటు 1994లో దెబ్బతింది. శస్త్రచికిత్సలు, ఏళ్ల తరబడి సాధన గడిచాక 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ ఆయన చేతికి వచ్చింది. వాళ్లిద్దరి వెనుకా వైద్యులూ శిక్షకులూ ఉన్నారు. అయినా గాయం మానే కాలాన్ని వాళ్లూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

కాలిని మెల్లగా సిద్ధం చేసుకోవడానికి నీకు విశాఖ బీచ్ రోడ్డు ఉంది. తెల్లవారుజామున సమతలంగా ఉన్న ఆ దారిలో కొద్ది దూరంతో మొదలుపెట్టు. ఎంత నడిచావన్నది లెక్క కాదు, మర్నాడు మంచం దిగి వేసే మొదటి అడుగు ఎలా ఉందన్నదే లెక్క. చీలమండ చుట్టూ వాపు కనిపించినా, ఆ అడుగు కుంటుతూ పడినా దూరం తగ్గించాలి. ఏమీ లేకపోతే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. కైలాసగిరి కొండ ఎక్కడం ఆ తర్వాతి మాట. దిగేటప్పుడు కీళ్ల మీద భారం మరీ ఎక్కువ పడుతుంది కాబట్టి, మొదట్లో ఎక్కి రోప్‌వేలో దిగినా చిన్నతనమేమీ లేదు.

అసలు చిక్కు ప్రదక్షిణ రాత్రి ఎదురవుతుంది. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచుతారు, నొప్పి పుట్టిన చోట స్ప్రే కొట్టే స్వచ్ఛంద సేవకులూ ఉంటారు. వాళ్ల సేవ గొప్పది. కానీ స్ప్రే నొప్పిని కాసేపు మరిపిస్తుంది, లిగమెంటును అతికించదు. స్నేహితులు ముందు నడుస్తుంటారు, గోవింద నామాలు మారుమోగుతుంటాయి, ఇంత దూరం వచ్చి ఆగిపోతే ఏమనుకుంటారోనన్న బెరుకు మొదలవుతుంది. కాళ్లు చెడేది ఎక్కువగా అక్కడే. బయల్దేరే ముందే తోటివాళ్లకు కాలి సంగతి దాచకుండా చెప్పాలి. నొప్పి పెరిగితే ఏ కూడలిలో ఆగాలో, ఎవరు వచ్చి తీసుకెళ్లాలో ముందే అనుకోవాలి. కుంటుతూ నడిచి తోటివాళ్లను కంగారుపెట్టడం భక్తి అనిపించుకోదు.

అప్పన్న సన్నిధిలో నడవలేనివాళ్లకూ చోటుంది. గిరి ప్రదక్షిణ చేయలేని భక్తులు పౌర్ణమి నాడు ఆలయం చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. కొండ మీదికి బస్సు ఉంది. అక్షయ తృతీయ నుంచి నాలుగు విడతల్లో స్వామికి సమర్పించే చందనంలో చివరి విడత కూడా ఆ పౌర్ణమికే. బస్సులో వచ్చినవాడికీ నడిచి వచ్చినవాడికీ దర్శనం ఒక్కటే.

ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు కాలు చూపించు. 32 కిలోమీటర్లు నడవాలనుకుంటున్న సంగతి ఆయనకు సూటిగా చెప్పు. సరేనంటే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరు. ఇంకా ఆగమంటే ఈసారికి ఆలయ ప్రదక్షిణ చేసుకుని, వచ్చే ఆషాఢానికి కాలిని సిద్ధం చేసుకో. ఆయన ఏమన్నదీ వెంటనే ఉత్తరం రాయి నాన్నా.

ఆశీస్సులతో,
మీ మామయ్య