శిఖరం చేరకపోతే సంకల్పం ఓడిపోయినట్టేనా?

పోయిన వీడియోలో సంకల్పం గురించి మాట్లాడుకున్నాం కదా. "మొదలుపెట్టింది మధ్యలో వదలకూడదు" అనే మాట వినగానే నాకు వానలో తడిసిన ఒక శనివారం గుర్తొచ్చింది.

నేను అట్లాంటాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. పోయిన అక్టోబర్‌లో అమ్మానాన్న మా దగ్గరికి వచ్చారు. వాళ్లకి అప్పలాచియన్ ట్రెయిల్ చూపించాలని నా కోరిక. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట అది. మొత్తం నడవడానికి నెలలు పడుతుంది. మేము ఒక్కరోజుకి చిన్న ముక్క ఎంచుకున్నాం. నీల్ గ్యాప్ నుంచి బ్లడ్ మౌంటెన్ పైకి, రానూపోనూ ఐదు మైళ్ల లోపే. ఎత్తు 4,458 అడుగులు. జార్జియాలో ఈ ట్రెయిల్‌కి అదే ఎత్తైన చోటు.

మధ్యాహ్నం వాన అని ఫోన్ చెప్పింది. "ఆలోపే దిగిపోతాం" అని నేను చెప్పాను. వాన మాత్రం మేము సగం ఎక్కేసరికే వచ్చేసింది. చుట్టూ పొగమంచు. దారి చూపించడానికి చెట్లకి వేసిన తెల్ల గీతలు కూడా సరిగ్గా కనపడట్లేదు. అమ్మ చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కాయి. నాన్న ఒక బండ మీద జారి, చెయ్యి ఆనించుకుని లేచారు. "ఏం కాలేదురా, పద" అన్నారు.

నేను కూడా "ఇంకో అరగంటే నాన్నా" అన్నాను.

అప్పుడు నా భార్య మెల్లగా అడిగింది: "ఏవండీ, ఇప్పుడు మనం ఎవరి కోసం ఎక్కుతున్నాం?"

నాన్న కోసం అనబోయాను. కానీ నాన్న ఈ కొండ ఎప్పుడూ అడగలేదు. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో పెడతానని ముందే చెప్పింది నేను.

గీత 18వ అధ్యాయంలో 25వ శ్లోకం ఉంది. తర్వాత ఏమవుతుంది, ఏం నష్టపోతాం, ఎవరికి బాధ కలుగుతుంది, మన శక్తి ఎంత అని చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పనిని కృష్ణుడు తామస కర్మ అంటాడు. ఆ లెక్కన బండల మీద నాది పట్టుదల కాదు, మొండితనం.

మరి కష్టం రాగానే వెనక్కి తిరగడమే జ్ఞానమా? అదీ కాదు. అదే అధ్యాయం 8వ శ్లోకంలో, ఒంటికి కష్టమని చేయాల్సిన పని వదిలేస్తే అది రాజస త్యాగం, దానికి త్యాగఫలం దక్కదు అని ఉంది. అంటే రెండు వైపులా గొయ్యి ఉంది. తేడా ఎలా తెలుసుకోవాలి?

నాకు దొరికిన కొలత ఇది. నా ఎంసెట్ ర్యాంకు మొక్కు తీర్చడానికి నాన్న ఒకసారి అలిపిరి మెట్లు 3,550 వానలోనే ఎక్కారు. అది మొండితనం కాదా? కాదనే అనుకుంటాను. మొక్కు ఆయనది, ఒళ్లు ఆయనది, ఆ శ్రమ ఆయనే మోశారు. బ్లడ్ మౌంటెన్ మీద కోరిక నాది, మోకాళ్లు ఆయనవి. శిఖరం నా కోరిక మాత్రమే. వాళ్లని క్షేమంగా ఇంటికి చేర్చడం నా ధర్మం. రెండూ ఎదురుపడినప్పుడు కోరికని వదిలితే సంకల్పం ఓడిపోదు.

వెనక్కి తిరిగాం. దిగడానికి ఎక్కినదానికంటే ఎక్కువ టైమ్ పట్టింది. కింద నీల్ గ్యాప్‌లో ట్రెయిల్ ఒక పాత రాతి కట్టడం మధ్య నుంచే వెళ్తుంది. ఆ కప్పు కింద నిలబడి ఫ్లాస్కులో టీ తాగుతుంటే నాన్న అన్నారు: "మొదటి అరగంట నుంచే మోకాలు లాగుతోందిరా. లీవ్ పెట్టి మరీ తీసుకొచ్చావు, ఎలా చెప్పను?"

నేను ఆయన కోసం ఎక్కుతున్నాను అనుకున్నాను. ఆయన నా కోసం ఎక్కారు. మధ్యలో అడిగిన మనిషి ఒక్కరే.

ఈ వారం ఇంట్లో మీ వెనకే నడుస్తున్నవాళ్లని ఒకసారి ఆగి అడగండి. "ఏం కాలేదు" అంటే, ఇంకోసారి అడగండి.

జై శ్రీకృష్ణ!