ఖాళీగా విడిచిన నేల

బొంతకు మూడు పొరలుండును: పైబట్ట, నడుమ దూది, అడుగుబట్ట. ఈ మూడింటిని కదలకుండ పట్టియుంచునది కుట్టు. కుట్టు పడినచోట దూది అణగును, పడనిచోట ఉబ్బి పైకి వచ్చును. కాబట్టి పని తెలిసిన స్త్రీ యొక పువ్వును ఎత్తుగా చూపగోరినయెడల ఆ పువ్వును ముట్టదు. చుట్టునున్న నేలనంతయు దగ్గర దగ్గర కుట్లతో అణచివేయును. చూచువాని కన్ను పువ్వుమీద నిలుచును. చేతులు అలసినది మాత్రము ఆ నేలయందే.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు లాంకాస్టరు కౌంటీలో ఆమిషు అను క్రైస్తవ సమాజమువారు కలరు. నిరాడంబరత వారికి విశ్వాసములో భాగము. 1880 మొదలు 1940 వరకు వారి స్త్రీలు కుట్టిన ఉన్ని బొంతలు ప్రసిద్ధికెక్కినవి. వాటి పైబట్టకు అచ్చు గుడ్డ వాడరు. అన్నియు ముదురు రంగుల సాదా గుడ్డలే. చదరము నడుమ పెద్ద వజ్రాకారము, చుట్టును వెడల్పయిన అంచు, అంతే. దూరమునుండి చూచిన ఇక ఏమియు లేదందుము. దగ్గరకు వెళ్లితిమా, ఆ బోడి నేలమీద ఈకల దండలు, నక్షత్రములు, తీగెలు, వేలకొలది సన్నని కుట్లు!

చదువరులారా, ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న పుట్టుచున్నది. ఆడంబరము వద్దన్నవారు దానినే దొంగచాటుగా లోనికి తెచ్చుకొనిరా? ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. పదిమంది స్త్రీలు చట్రము చుట్టు కూర్చుండి కుట్టునప్పుడు, ఎవరి కుట్టు సన్ననిదో ప్రక్కనున్నవారికి తెలియకపోవునా? పొగడ్త అక్కడను పుట్టియుండును. వారిని పూర్తిగా నిర్దోషులని నేను చెప్పను.

అయినను ఒక భేదము కనబడుచున్నది. అచ్చు పూల గుడ్డ వీధిలో పోవువానిని సహితము పిలుచును. ఈ కుట్టు ఎవరిని పిలువదు. దుప్పటి మడత సరిచేయువారికి, జ్వరముతో పండుకొని దానిమీద వ్రేలు రాచువారికి దొరకును. మరియొకటి. ఆ నేలను నిజముగా ఖాళీగా, కుట్టు లేకుండ విడిచిన ఏమగును? నాలుగుసార్లు ఉదుకగానే దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరును. మన ఇండ్లలో పాత చీరలతో బొంత కుట్టు అవ్వలు ఎక్కడను జానెడు చోటైన విడువక వరుసగా కుట్టుకొనిపోవుట ఇందుకే గదా, అందులో దూది లేకున్నను పొరలు జారును. కాబట్టి కంటికి ఖాళీగా తోచు చోటికి చేతి పట్టు అవసరము. ఆ పట్టును అందముగా చేసిరి. అది తప్పయినయెడల చిన్న తప్పే.

1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియములో జోనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ అనువారు సేకరించిన బొంతలను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసిరి. నవీన చిత్రకారులకంటె ముందే ఈ స్త్రీలు రంగును, ఖాళీని ఎరిగియుండిరని అనేకులు మెచ్చుకొనిరి. మంచిదే. అయితే కుట్టినవారిలో అనేకుల పేర్లు తెలియవు. పటమును చూచునంత దూరములో నిలిచినవానికి రంగు కనబడును గాని కుట్టు కనబడదు. వెలుతురు ఎదుటనుండి పడినయెడల ఈకల దండ మాయమగును. దానిని చూడగోరువాడు ప్రక్కకు వంగవలెను, లేదా చేతితో తడుమవలెను. మ్యూజియములో ముట్టుటకు సెలవు లేదు.