ఆశకు ప్రామాణ్యమెక్కడ? - యిర్మీయా ప్రవచనంపై ఒక పరిశీలన

వినాశనాన్ని ప్రకటించిన నోటితోనే ఆశను పలకడం నైతికంగా ఎలా సమర్థనీయం? యూదా రాజ్యపు చివరి దశాబ్దంలో యిర్మీయా ఎదుర్కొన్న ప్రశ్న ఇది.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొని, రాజైన యెహోయాకీనును బబులోనుకు చెరగొనిపోయి, సిద్కియాను గద్దెనెక్కించాడు. కొన్నేళ్లకు, మెడపై కొయ్యకాడి మోస్తున్న యిర్మీయాకు దేవాలయంలో హనన్యా అనే ప్రవక్త ఎదురుపడ్డాడు. చెరపోయినవారూ ఆలయపాత్రలూ రెండేళ్లలో తిరిగివస్తాయని చెప్పి ఆ కాడిని విరిచాడు. అంతకుముందే యిర్మీయా అతని మాటకు 'ఆమేన్' అన్నాడు. దీన్ని వ్యంగ్యంగా చదివేవారున్నారు. నాకది నిజమైన కోరికగానే తోస్తుంది. తన ప్రవచనమే అబద్ధం కావాలని కోరుకోగలవాడే హెచ్చరించడానికి అర్హుడు.

శాంతిని ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే తెలుస్తుందని యిర్మీయా అక్కడ ఒక ప్రమాణం చెప్పాడు. అయితే నిర్ణయించుకోవలసిన ఘడియలో ఆ ప్రమాణం శ్రోతకు ఉపకరించదు. తేడాను మరొకచోట వెదకాలి: ఆ ఆశ వినేవారిని ఏమి అడుగుతున్నది?

హనన్యా ఆశ ఏమీ అడగదు. అటువంటి ఆశ పర్యవసానం ముట్టడికాలపు ఒక ఘటనలో కనిపిస్తుంది. సిద్కియా చేయించిన ఒడంబడిక మేరకు యెరూషలేము ప్రజలు తమ హెబ్రీ దాసదాసీలను విడిచిపెట్టారు. తర్వాత వారినే మళ్లీ దాస్యంలోకి లాగారు. ఐగుప్తు సైన్యం కదిలిందని విని బబులోను సేన తాత్కాలికంగా వెనుదిరిగిన సందర్భమది. భయం తగ్గగానే ధర్మమూ తగ్గింది. యిర్మీయా ఆగ్రహమంతా ఇక్కడే. శత్రుబలం అతనికి రెండో విషయం.

తెలుగు బైబిలు ఆశను 'నిరీక్షణ' అంటుంది. వాడుకలో ఆ మాటకు ఎదురుచూపనే అర్థం. యిర్మీయా విషయంలో ఈ రెండర్థాలూ కలిసిపోతాయి. బబులోనులోని బందీలకు అతడు వ్రాసిన లేఖ ఇళ్లు కట్టుకొమ్మంది, తోటలు నాటుకొమ్మంది, చెరపట్టిన పట్టణపు క్షేమాన్నే కోరుకొమ్మంది. డెబ్బయి ఏళ్ల నిరీక్షణ అది. విన్నవారిలో అనేకులు దాని ముగింపు చూడలేరు.

ముట్టడి సాగుతుండగా, బందీగా ఉన్న యిర్మీయా అనాతోతులోని పొలాన్ని పినతండ్రి కుమారుడు హనమేలు వద్ద 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షుల ఎదుట వెండి తూచి, క్రయపత్రాలను మట్టికుండలో భద్రపరచమని బారూకుకు అప్పగించాడు. వివాహమూ సంతానమూ వద్దని ఆజ్ఞ పొందినవాడు, వారసుడు లేనివాడు చేసిన కొనుగోలు ఇది. నగరం పడిపోయింది. మిగిలినవారు అతన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలాన్ని అతడు దున్నినట్లు గ్రంథంలో ఎక్కడా లేదు.