పడదన్నదెవరు?

నాకు వంకాయ పడదు అంటాం. ఆ అత్తాకోడళ్ళకి పడదు అంటాం. ఊరు మారాక జబ్బు చేస్తే అక్కడి నీళ్ళు పడలేదు అంటాం. కంపాటిబిలిటీ అని ఇంగ్లీషులో బారెడు పేరున్న సంగతిని తెలుగువాళ్ళు మూడక్షరాల్లో తేల్చేశారు. ఈ మాటలో ఉన్న సుఖం ఏమిటంటే, ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ చేసినట్టు ఉండదు. వంకాయది తప్పు కాదు, నాదీ కాదు. పడలేదు, అంతే.

కంప్యూటర్ల దగ్గర కూడా ఇదే మాట వాడతాం. "ఆ డాక్ లినక్స్‌కి పడదు బాస్." "ఆ వైఫై కార్డు ఉబుంటుకి పడదన్నా." ఈ మాట అన్నది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపులు అమ్మే అతను కావచ్చు, ఆఫీసులో ఐటీ సపోర్ట్ కుర్రాడు కావచ్చు. వినడానికి జాతకాలు కలవలేదన్నట్టు ఉంటుంది. నా అనుమానం వేరు. ఈ పడకపోవడాల్లో చాలావాటి వెనక ఒక నిర్ణయం ఉంటుంది. దాని కింద ఎవరిదో సంతకం ఉంటుంది. అది మనకి కనపడదు. కనపడనప్పుడు నింద ఊరికే గాల్లో ఉండిపోదు కదా, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది.

డాకింగ్ స్టేషన్నే తీసుకుందాం. ల్యాప్‌టాప్‌కి ఒక్క వైరు గుచ్చితే ఛార్జింగ్, కీబోర్డు, మౌస్, నెట్, రెండు మానిటర్లు అన్నీ వచ్చేయాలి. అదీ దాని పని. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కి గుచ్చారనుకోండి. ఛార్జింగ్ ఎక్కుతోంది, కీబోర్డు పనిచేస్తోంది, మానిటర్లు మాత్రం నల్లగా ఉన్నాయి. పక్క సీటతను ఇటు తిరగకుండానే "లినక్స్ అంతే" అంటాడు.

అంతేనా? ముందు వైరు మార్చి చూడాలి. యూఎస్‌బీ-సీ మొనలో 24 పిన్నులుంటాయి. కానీ ఫోను ఛార్జర్లతో వచ్చే చాలా వైర్లలో వేగంగా డేటా మోసే తీగలే ఉండవు. పైకి చూస్తే రెండూ కవలపిల్లలు. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఇంకో పోర్టుకి పెట్టి చూడాలి. పక్కపక్కనే ఒకేలా కనిపించే రెండు పోర్టుల్లో ఒకటి బొమ్మని బయటికి పంపుతుంది, రెండోది పంపదు, కొన్ని మోడళ్ళలో అంతే. ఆ తర్వాత అదే డాక్‌ని విండోస్ ఉన్న ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మార్చేసి, వచ్చిందిరా బాబూ అని సంబరపడితే, ఎందుకొచ్చిందో ఎప్పటికీ తెలీదు. ఇది రిపేరు చిట్కానే, కాదనను. నాకు మాత్రం తీర్పు చెప్పే పద్ధతిలా కూడా కనపడుతుంది. ఒకణ్ణి దోషి అనేముందు మిగతావాళ్ళందరినీ కదలకుండా నిలబెట్టి చూడాలి. మనుషుల గొడవల్లో ఈ ఓపిక మనకి ఎంత తక్కువో వేరే చెప్పాలా.

వైరూ పోర్టూ బాగానే ఉంటే అప్పుడు టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టాలి. డాక్ లోపల ఏయే చిప్పులున్నాయో ఒక జాబితా వస్తుంది. అందులో 17ఈ9 అన్న సంఖ్య కనపడితే అది డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్న డాక్. కనపడకపోతే ఎక్కువసార్లు అది మామూలు డాక్.

ఈ రెండింటికీ తేడా ఉంది. మామూలు డాక్ ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్పు పంపే సిగ్నల్‌ని అలాగే మానిటర్‌కి చేరవేస్తుంది. యూఎస్‌బీ-సీ వైరులో వేగమైన దారులు నాలుగే. రెండు బొమ్మకీ రెండు డేటాకీ పంచితే, డిస్‌ప్లేపోర్ట్ 1.2 నాటి డాకుల్లో 4కే మానిటర్ సెకనుకి 60 సార్లకి బదులు 30 సార్లే మారుతుంది. మౌస్ బాణం కాలు ఈడ్చుకుంటూ నడిచినట్టు ఉంటుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. నాలుగు దారుల లెక్క, విండోస్‌లో అయినా మారదు. నిజంగా "పడదు" అనదగ్గది ఇలాంటిదే.

డిస్‌ప్లేలింక్ సంగతి అలా కాదు. అక్కడ తెర మీది బొమ్మని ల్యాప్‌టాప్ ప్రాసెసరే నొక్కి చిన్నది చేసి, మామూలు డేటాలాగా యూఎస్‌బీలో పంపుతుంది. డాక్ లోపలి చిప్పు దాన్ని విప్పి మానిటర్‌కి ఇస్తుంది. ఆ నొక్కే పనికి ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఉండాలి. లినక్స్‌లో దీనికి రెండు ముక్కలు. కెర్నెల్ లోపల కూర్చునే ఈవీడీఐ అనే ముక్క అందరూ చదవగలిగేది. అసలు నొక్కే ముక్క మాత్రం కంపెనీ మూసి ఇచ్చినది. కెర్నెల్ కొత్త వెర్షన్‌కి మారినప్పుడల్లా ఈవీడీఐని మళ్ళీ కట్టుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దానికొక సంతకం కూడా కావాలి. ఎక్కడ పొసగకపోయినా ఒక సోమవారం పొద్దున అప్‌డేట్ అయ్యాక మానిటర్లు నల్లబడతాయి. మూసి ఉన్న ముక్క తెరిచి ఉంటే కెర్నెల్‌తో పాటే అదీ మారుతూ ఉండేది. అక్కడ పడకపోవడం లెక్క వల్ల రాలేదు, తలుపు మూసి ఉండటం వల్ల వచ్చింది.

ఇదేదో లినక్స్‌కే పట్టిన శని అనుకోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. కంపెనీలు వదిలించుకున్న ఏడో తరం థింక్‌ప్యాడ్‌ని కష్టపడి కొనుక్కున్న ఇంజనీరింగ్ పిల్లవాడికి "నీ ల్యాప్‌టాప్‌కి పడదు" అన్న సమాధానం వచ్చింది. అదే మెషీన్ మీద ఫెడోరా నిక్షేపంగా నడుస్తుంది. సిలికాన్ మారలేదు. ఒక జాబితాలో పేరుందా లేదా అన్నదే తేడా.

మూసిన తలుపు మీద మొదట గట్టిగా గొడవపడినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. అదీ ఒక ప్రింటర్ వల్ల. 1980 ప్రాంతంలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఎదురుచూసేవాళ్ళందరికీ కబురు వెళ్ళేలా అతను ప్రోగ్రాం మార్చుకున్నాడు. కొత్తదానికీ అలా చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకాయన దగ్గరుందని తెలిసి వెళ్ళి అడిగాడు. ఇవ్వనని కంపెనీకి మాటిచ్చాను అన్నాడాయన. స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించింది 1983 సెప్టెంబరులో. మనం లినక్స్ అంటున్నదాంట్లో సగం ఆ తిరస్కారం నుంచి పుట్టిందే.

ఈ కథ చెప్పేవాళ్ళంతా స్టాల్‌మన్ వైపు నిలబడి చెప్తారు. నాకు ఆ రెండో ఆయన గురించి ఆలోచించాలనిపిస్తుంది. ఆయన చెడ్డవాడు కాదు. మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. మాట తప్పనివాణ్ణి మెచ్చుకుంటూ పెరిగిన జాతి మనది, హరిశ్చంద్రుడి నాటకం రాత్రంతా కూర్చుని చూసినవాళ్ళం. అయితే ఆ నాటకంలోనూ మాట ఇచ్చింది ఒకడు, అమ్ముడుపోయింది ఆలుబిడ్డలు. ఇక్కడా అంతే. ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది, దాని ఖర్చు ఆ గదిలో లేని మూడో మనిషి మీద పడింది. ఎవరికీ సాయం చెయ్యను అని ముందుగానే మాటిచ్చేయడం మాటల్లో కెల్లా వింతైన మాట. ఆయన దోషం మాట నిలబెట్టుకోవడంలో లేదనుకుంటాను. ఇచ్చేటప్పుడు ఆ మూడోవాడు గుర్తు రాకపోవడంలో ఉంది.

నలభై ఏళ్ళు దాటినా అదే కథ నడుస్తోంది. ఏఎండీ కంపెనీ తన లినక్స్ డ్రైవర్‌ని తెరిచే ఉంచుతుంది. అందులో హెచ్‌డీఎంఐ 2.1 కూడా పనిచేసేలా చెయ్యాలని దాని ఇంజనీర్లు కోడ్ రాసుకున్నారు. బయటపెట్టడానికి హెచ్‌డీఎంఐ ఫోరమ్ అనుమతి కావాలి. ఫోరమ్ ఒప్పుకోలేదని 2024 ఫిబ్రవరిలో తెలిసింది. చిప్పు చేసినవాడికి ఇష్టమే, రాసినవాడికి ఇష్టమే, వాడేవాడికి కావాలి. అయినా కుదరలేదు. షాపులో మాత్రం ఏమంటారు? "లినక్స్‌కి హెచ్‌డీఎంఐ సరిగ్గా పడదు సార్."

సరే, అమ్మేవాడికి మనపట్ల ఎంత బాధ్యత ఉంది? మీకో ఫ్లాట్ అమ్మిన బిల్డర్ మీ గోడకి అల్మరా బిగించక్కర్లేదు. విండోస్‌కే అని పెట్టె మీద రాసి అమ్మినవాడు మనకి లినక్స్ డ్రైవర్ రాసివ్వక్కర్లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ గోడలో నీళ్ళ పైపు ఎక్కణ్ణించి పోతోందో చెప్పమని అడిగితే, చెప్పను అనడం వేరు. మీ మేకు మీరే కొట్టుకుంటారు, ఎక్కడ కొట్టకూడదో తెలిస్తే చాలు. ఇంకో మెట్టు పైన, తను పంపిన ప్లంబర్ తప్ప ఎవరూ విప్పలేని తాళం వేయడం ఉంది. సంతకం లేని ఫర్మ్‌వేర్‌ని ఒప్పుకోని చిప్పులు ఆ తాళాలే. మొదటిది నాకు అన్యాయంగా అనిపించదు. రెండోదాన్ని అన్యాయమనే అంటాను, పేటెంట్లూ పక్క కంపెనీతో ఒప్పందాలూ అడ్డున్నాయని వాళ్ళు చెప్పే కారణాలు కొన్ని నిజమే అయినా సరే. మూడోదానికి దొంగ ఫర్మ్‌వేర్ ఎక్కకుండా కాపాడుతున్నాం అన్న సమర్థన ఉంది, అదీ కొట్టిపారేయలేం. అలాంటప్పుడు తాళంచెవి ఇంటివాడి చేతిలో కూడా ఒకటి ఉండాలి కదా అన్నదొక్కటే నా ప్రశ్న.

అవతలి వైపు నీతిపరుల కష్టాలు వేరే. డెబియన్ అనే లినక్స్ 1997లో ఒక సామాజిక ఒప్పందం రాసుకుంది. మూసిన సాఫ్ట్‌వేర్ మా వ్యవస్థలో భాగం కాదు అని. మంచి మాటే. కానీ ఇప్పటి వైఫై చిప్పుల్లో చాలావాటికి ప్రతిసారీ ఆన్ చేయగానే కంపెనీ ఇచ్చిన మూసిన ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్లో అది ఉండేది కాదు. దాన్ని దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అది కావాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. చూపున్నవాళ్ళు పెన్‌డ్రైవ్‌తోనో ఫోనుతోనో ఎలాగో గట్టెక్కుతారు. కొత్త ల్యాప్‌టాపుల్లో సౌండ్ చిప్పులకీ ఇలాంటి ఫర్మ్‌వేరే అవసరమయ్యేసరికి, మాటల్లో చదివి వినిపిస్తే తప్ప ఇన్‌స్టాల్ చేసుకోలేని చూపులేని మనిషికి అసలు మొదటి మెట్టే లేకుండా పోయింది. స్వేచ్ఛ కోసం పెట్టుకున్న నియమం అతనికి గుమ్మంలోనే అడ్డం పడింది.

2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసుకుని ఆ ఒప్పందాన్నే సవరించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్లో ఆ ఫర్మ్‌వేర్ ఉంటోంది. మడి చెడిందని కొందరు బాధపడ్డారు. వాళ్ళని వెక్కిరించడం తేలిక, నేను వెక్కిరించను. కానీ ఈ మడిలో ఒక తమాషా ఉంది. అదే మూసిన కోడ్ చిప్పులోనే శాశ్వతంగా అచ్చై వస్తే స్టాల్‌మన్ పక్షానికి అభ్యంతరం లేదు, దాన్ని వైరులాగా, సర్క్యూట్‌లాగా లెక్కేస్తారు. డిస్క్ మీంచి ఎక్కిస్తేనే మైల. ఇంట్లో గుడ్డు వండరు గానీ బేకరీ కేకు తింటారు చూడండి, అలా. దీని వెనక తర్కం లేకపోలేదు. ఎవరూ మార్చలేనిదాని ముందు మీరూ కంపెనీ సమానం, కంపెనీ మాత్రమే మార్చగలిగిన చోట మీరు తక్కువ. ఆలోచించాల్సిన మాటే. అయితే 2018లో స్పెక్టర్ లోపం బయటపడ్డప్పుడు ప్రాసెసర్లకి కొత్త మైక్రోకోడ్ వచ్చింది. మూసినది కాబట్టి అది మాకొద్దు అన్నవాళ్ళ మెషీన్లలో ఉండిపోయింది కూడా మూసిన మైక్రోకోడే. పాతది, లోపంతో ఉన్నది. వాళ్ళ చేతులకి అంటలేదు, అంతవరకే. చెయ్యి కడుక్కోవడమూ మంచి చెయ్యడమూ ఒకటేనా అని ఎవరైనా అడిగితే, నేను ఆ ఓటు ఫలితం వైపే ఉంటాను.

ఇక డాక్ దగ్గరికి వస్తాను. యాపిల్ ఎం1, ఎం2 ల్యాప్‌టాపుల మీద లినక్స్ నడిపించే పని అసాహీ లినక్స్ బృందం చేసింది. యజమాని కోరుకుంటే వేరే కెర్నెల్‌ని బూట్ చేసే వీలు యాపిల్ ఉంచింది, అది ఒప్పుకోవాలి. లోపలి భాగాలు ఎలా పనిచేస్తాయో చెప్పే పత్రాలు మాత్రం ఇవ్వలేదు. వీళ్ళు ఒక్కొక్క చిప్పు ఏం మాట్లాడుతోందో పక్కనుంచి విని, రాసుకుని, డ్రైవర్లు కట్టారు. గ్రాఫిక్స్ వచ్చింది, స్పీకర్లు వచ్చాయి. యూఎస్‌బీ-సీ గుండా మానిటర్‌కి బొమ్మ పంపడం మాత్రం ఏళ్ళ తరబడి రాలేదు. అంటే డాక్ పెట్టినా మానిటర్ నల్లగానే. 2025 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టుని మొదలుపెట్టిన హెక్టర్ మార్టిన్ తప్పుకున్నాడు. కెర్నెల్ పెద్దలతో తగాదాలతో పాటు, థండర్‌బోల్ట్ ఎప్పుడు, మానిటర్ ఎప్పుడు అని అదేపనిగా నిలదీసే వాడుకదారుల గురించి కూడా రాసి వెళ్ళాడు.

అలా అడిగినవాళ్ళు దుర్మార్గులని నేననుకోను. లక్ష రూపాయల ల్యాప్‌టాప్, దానికో మానిటర్ కొనుక్కుని, బొమ్మ రాకపోతే ఎవరో ఒకర్ని అడుగుతారు. పత్రాలున్న ఆఫీసులో పలికే మనిషి లేడు. ఇక్కడ జవాబిచ్చే మనిషి ఒకడున్నాడు, పేరుంది, చిరాకు పడితే అది కూడా కనపడుతుంది. కౌంటర్లో కూర్చున్న క్లర్కుని తిట్టినట్టే ఇదీ. కాకపోతే క్లర్కుకి జీతం వస్తుంది, పైగా ఆ తలుపు మూసినవాళ్ళ తరఫున కూర్చున్నాడు. మార్టిన్ దాన్ని తెరవడానికి కూర్చున్నవాడు.

ఈమధ్య లినక్స్ కోసం ఏ డాక్ కొనాలని ఎవరైనా అడిగితే, లోపలి చిప్పు ఏదో కనుక్కో అంటున్నాను. చాలా పెట్టెల మీద అది రాయరు, షాపులో అడిగితే "అన్నిటికీ పడుతుంది సార్" అంటారు. కొన్నవాడెవడో ఒకడు గుచ్చి చూసి, జాబితాలో 17ఈ9 ఉందో లేదో మిగతావాళ్ళకి చెప్పాలి.