వాహనంతోపాటు శుభం కూడా ఇంటికి రావాలి



వృద్ధులైన తల్లిదండ్రుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆలుబిడ్డలతో బంధువుల ఊరికి వెళ్ళి రావాలి. ఇందుకోసం ఓ పాత కారు కొనుక్కోవాలనుకోవడం తప్పు కాదు. సౌకర్యవంతమైన వాహనాన్ని దైవప్రవక్త (సఅసం) మనిషి సౌభాగ్యాల్లో ఒకటిగా పేర్కొన్నారు. అయితే ఆ వాహనం ఏ సొమ్ముతో మన వాకిట్లోకి వస్తోందన్నదే అసలు ప్రశ్న.

చేతిలో లక్ష రూపాయలున్నాయి. నచ్చిన కారు మూడు లక్షలు. తక్కిన రెండు లక్షలు ఫైనాన్సులో తీసుకుంటే సరిపోతుందంటారు. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్ళ వాయిదాలు. అంటే 72 వేలు వడ్డీ! నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం రెండు లక్షల మీదే లెక్కిస్తారు గనుక, నిజానికి అది దాదాపు 21 శాతం పడుతుంది. ఇది ప్రాపంచిక నష్టం. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడు (2:275). వడ్డీ తినేవారినే కాదు, ఇచ్చేవారినీ, పత్రం రాసేవారినీ, సాక్షుల్నీ దైవప్రవక్త (సఅసం) శపించారు. శాతం తక్కువైనంత మాత్రాన వడ్డీ హలాల్ అయిపోదు.

మరి దారి లేదా? ఉంది. దైవప్రవక్త (సఅసం) స్వయంగా తమ కవచాన్ని తాకట్టు పెట్టి ధాన్యం అరువు తెచ్చుకున్నారు. అమ్మేవారితోనే వాయిదాల మీద బేరం కుదుర్చుకోవచ్చు. నగదు ధరకన్నా వాయిదాల ధర కొంత ఎక్కువున్నా అత్యధిక ధర్మవేత్తలు సమ్మతించారు. కాని విడిపోక ముందే ఒకే ధర ఖాయం కావాలి. వాయిదా ఆలస్యమైతే పైసా కూడా పెరగకూడదు. అప్పును రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (2:282). అన్నదమ్ముల వద్ద వడ్డీ లేని అప్పు దొరికితే మరీ మంచిది. ఏదీ కుదరకపోతే లక్షకు వచ్చే చిన్న బండి చాలు, లేదా సహనం వహించి కూడబెట్టుకోవాలి.

అమ్మే సోదరులకూ ఒక మాట. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి చూసి, మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మీటరు వెనక్కి తిప్పడం, ప్రమాదంలో నలిగిన భాగానికి రంగు పూయడం ఆ తడిని దాచడం కాదా? లోపం చెప్పి అమ్మితే ధర తగ్గవచ్చు, శుభం తగ్గదు.

కొనేవారు మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్ళండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరుంటే, బాకీ లేదన్న పత్రం, ఫారం 35 తీసుకోండి. ఫారం 29, 30లతో పేరు మార్పించండి. పాత యజమాని పేరు మీదే బండి ఉండిపోతే, ప్రమాద పరిహారం భారం అతని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన నిర్లక్ష్యానికి సాటి మనిషి బలికావడం కూడా అన్యాయమే.

సోదరులారా! కారు కొన్నేళ్ళకు తుప్పు పడుతుంది. దాన్ని ఎలా సంపాదించామన్న లెక్క తీర్పుదినం దాకా నిలిచి ఉంటుంది. అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, దానితో తృప్తిపడే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.